ఉదర కుడ్యం, స్వయం అధ్యయనం – నాలుగవ పాఠం: గజ్జలో మూడు దారులు

బొడ్డుకూ, పొట్ట అడుగున ముందు వైపు తగిలే ప్యూబిక్ ఎముకకూ నడుమ సుమారు సగం దూరంలో, పొట్ట ముందు భాగంలో నిలువుగా సాగే రెక్టస్ కండరపు వెనుక తొడుగు ఎందుకు కనిపించకుండా పోతుందన్న ప్రశ్నతో గత పాఠం ముగించాము. ఆ తొడుగు ముగిసే ఆర్క్యుయేట్ రేఖ కిందికి వచ్చేసరికి పక్క కండరాలు మూడింటి అపోన్యూరోసిస్‌లూ (రేకులా పరుచుకున్న స్నాయువులు) రెక్టస్‌కు ముందు వైపుగా వెళ్లిపోతాయి కాబట్టి, వెనుక మిగిలేవి ట్రాన్స్‌వర్సాలిస్ ఫాసియా అనే పలుచని పొర, కొద్దిపాటి కొవ్వు, ఉదరం లోపలి గోడకు అంటుకున్న పెరిటోనియం పొర మాత్రమేనన్నది దానికి జవాబు. ఈ జవాబును మరిచిపోకండి. రెక్టస్ వెనుక ఆ ఫాసియా పలుచనైనా ముందు బలమైన కండరం ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. గజ్జలో మాత్రం అదే ఫాసియాకు కొన్ని చోట్ల ముందు కండరమే ఉండదు. గజ్జలో హెర్నియాలు, అంటే పేగు వంటివి గోడలోని బలహీనమైన చోటు గుండా బయటకు పొడుచుకు రావడం, జరిగేది సరిగ్గా ఆ చోట్లలోనే.

పేర్ల జోలికి పోయే ముందు వేళ్లతో రెండు ఎముక గుర్తులను పట్టుకోవాలి. మొదటిది సులభం: నడుము పక్కన చేయి ఆనించి తుంటి ఎముక అంచు వెంట ముందుకు జరిపితే, ఆ అంచు ఒక మొనగా ముగిసే చోటు తగులుతుంది. దీనిని యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ అంటారు. ఈ పాఠంలో ‘తుంటి మొన’ అందాము. రెండవది ప్యూబిక్ ట్యూబర్కిల్ అనే చిన్న బుడిపె. దీనిని పైనుంచి నొక్కి వెతకడం వలన, ముఖ్యంగా పొట్ట కింది భాగంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో, ఎముకలోని ఏ భాగాన్ని తాకుతున్నామో తెలియక తికమకపడతాము. అందుకని కింది నుంచి రావాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు కొద్దిగా మడిచి, తొడను పక్కకు వాల్చి, మోకాలి లోపలి వైపు ఒక చేతిని అడ్డుపెట్టి, ఆ చేతికి ఎదురుగా తొడను లోపలికి లాగడానికి ప్రయత్నించండి. తొడ లోపలి అంచున, గజ్జకు దగ్గరగా, ఒక గట్టి స్నాయువు బిగుసుకుని పైకి తేలుతుంది. అది అడక్టర్ లాంగస్ కండరానిది. వేలు దాని మీదే ఉంచి పైకి వెళ్లండి. అది ఎముకను కలిసే చోటుకు ఆనుకునే ట్యూబర్కిల్ ఉంటుంది. ఎంత లావుగా ఉన్న రోగిలోనైనా ఈ పద్ధతి పనికివస్తుంది, కనుక మీ శరీరం మీద దీనిని తడుముకోకుండా చేయగలిగేవరకు సాధన చేయండి.

ఇప్పుడు తుంటి మొన నుంచి ట్యూబర్కిల్ వరకు ఒక గీత ఊహించండి. అదే ఇంగ్వైనల్ లిగమెంట్. ఈ గీత మధ్యబిందువుకు సుమారు 1.25 సెంటీమీటర్ల పైన లోపలి రింగు అనే రంధ్రం ఉంటుంది. ట్యూబర్కిల్‌కు కాస్త పైన బయటి రింగు ఉంటుంది. ఈ రెండింటిని కలుపుతూ పెద్దవారిలో సుమారు 4 సెంటీమీటర్ల పొడవున ఏటవాలుగా సాగేదే ఇంగ్వైనల్ కాలువ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తుంటి మొనకూ ట్యూబర్కిల్‌కూ నడుమ ఉన్న మధ్యబిందువు వేరు, తుంటి మొనకూ రెండు ప్యూబిక్ ఎముకలు కలిసే సింఫిసిస్‌కూ నడుమ ఉన్న మధ్యబిందువు వేరు. రెండవది కొంచెం లోపలికి, అంటే శరీర మధ్యరేఖ వైపుకు ఉంటుంది, తొడ ధమని నాడి అందేది అక్కడే. పరీక్షలలో ఈ రెంటినీ కలిపేసి రాసేవారు చాలామంది ఉంటారు. వేలితో నాడి చూసుకుని, ఆ తరువాత లోపలి రింగు చోటును గుర్తించే అలవాటు చేసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఇక పొరలు. పైనున్న ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ కండరపు పోగులు చొక్కా పక్క జేబుల్లో చేతులు పెట్టుకున్నప్పుడు వేళ్లు చూపే దిశలో, అంటే కిందికి, ముందుకు, లోపలికి వెళతాయి. గజ్జకు వచ్చేసరికి కండరం పోయి దాని అపోన్యూరోసిస్ మాత్రమే మిగులుతుంది. ఆ అపోన్యూరోసిస్ కింది అంచు వెనుకకు మడిచుకుని లిగమెంట్‌గా మారుతుంది, ఆ మడతే కాలువకు నేల అవుతుంది. బయటి రింగు అంటే ఇదే అపోన్యూరోసిస్‌లో ట్యూబర్కిల్‌కు పైన ఏర్పడిన త్రికోణపు సందు. దీని లోపల ఉండే ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ కండరాల కింది పోగులు లిగమెంట్ బయటి భాగం దగ్గర మొదలై, కాలువలోని వస్తువుల మీదుగా వంపు తిరిగి, వెనుక వైపు నుంచి ప్యూబిక్ ఎముకకు కలిసిపోతాయి. ఈ వంపుకూ కింది లిగమెంట్‌కూ మధ్య మిగిలే ఖాళీలో కండరం లేదు, ట్రాన్స్‌వర్సాలిస్ ఫాసియా ఒక్కటే ఉంది. ఆ ఫాసియాలో ఏర్పడిన రంధ్రమే లోపలి రింగు. మగవారిలో వృషణానికి వెళ్లే స్పెర్మాటిక్ కార్డ్, ఆడవారిలో గర్భాశయపు రౌండ్ లిగమెంట్ ఆ రింగు గుండా కాలువలోకి దిగుతాయి.

ఇన్ని సందులున్నా చాలామందికి జీవితాంతం హెర్నియా రాదు. మన పాత పల్లెటూరి ఇళ్లలో వీధి గుమ్మం, నడవ గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉండి, వీధిలో నిలబడితే పెరడు కనిపిస్తుంది. కాలువ అలా కట్టినది కాదు. లోపలి రింగు తుంటి వైపుకు, బయటి రింగు శరీర మధ్యరేఖ వైపుకు జరిగి ఉండడం వలన, దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా ఉదరంలో పెరిగే ఒత్తిడి కాలువ వెనుక గోడను ముందు గోడకు అదిమేస్తుంది. అదే క్షణంలో వంపు తిరిగిన కండరాలు బిగుసుకుని లిగమెంట్ వైపుకు దిగి ఖాళీని మూసేస్తాయి. పసిపిల్లల్లో కాలువ చాలా పొట్టిగా, రెండు రింగులు దాదాపు ఒకదాని వెనుక ఒకటిగా ఉండడంతో ఈ రక్షణ వారికి తక్కువ.

హెర్నియా వచ్చే మొదటి దారి ఈ కాలువే. గర్భంలో వృషణం మూత్రపిండం దగ్గర పుట్టి, ఏడవ నెల ప్రాంతంలో ఈ కాలువ గుండా వృషణకోశంలోకి దిగుతుంది. దానితోపాటు పెరిటోనియం నుంచి ఒక సన్నని గొట్టం కూడా దిగుతుంది. ఈ గొట్టం మామూలుగా పుట్టుకకు అటూఇటుగా మూసుకుపోవాలి. అది మూసుకోకుండా వెడల్పుగా ఉండిపోతే పేగు అందులోకి జారుతుంది. దీనిని ఇన్‌డైరెక్ట్ హెర్నియా అంటారు. సన్నగా ఉండిపోతే నీరు మాత్రమే దిగి పిల్లల్లో వరిబీజం అవుతుంది. కుడి వృషణం ఎడమదాని కన్నా ఆలస్యంగా దిగడం వలన కుడి వైపున హెర్నియాలు ఎక్కువ. పెద్దవారిలో వరిబీజం సంగతి వేరు: గోదావరి జిల్లాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ బోదకాలు తెచ్చే ఫైలేరియానే చాలాకాలంగా దానికి పెద్ద కారణం. అక్కడ పనిచేసేవారు వృషణకోశం వాపును చూడగానే వేళ్లను వాపు పైఅంచుకు తీసుకువెళ్లాలి. వాపుకు పైన కార్డ్ ఒక్కటే చేతికి చిక్కితే అది కోశంలోని వాపు. వాపు పైకి సాగి కాలువలోకి వెళ్లిపోతూ ఉంటే హెర్నియా.

రెండవ దారికి కాలువతో పని లేదు. లోపలి రింగుకు లోపలి పక్కగా ఇన్‌ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమని పైకి వెళుతుంది. ఆ ధమని, రెక్టస్ కండరపు బయటి అంచు, ఇంగ్వైనల్ లిగమెంట్ కలిసి చేసే త్రికోణానికి జర్మన్ వైద్యుడు హెసెల్‌బాక్ పేరు ఉంది. వయసు మీద పడి, ఏళ్ల తరబడి దగ్గో, ముక్కి మూత్రం పోయవలసిన అవస్థో ఉన్నవారిలో ఈ త్రికోణంలోని ఫాసియా సడలి, ముందుకు ఉబ్బుతుంది. అది డైరెక్ట్ హెర్నియా. దీని మెడ వెడల్పుగా ఉంటుంది కనుక పేగు ఇరుక్కోవడం అరుదు. ధమనికి బయటి పక్క (తుంటి వైపు) నుంచి వస్తే ఇన్‌డైరెక్ట్, లోపలి పక్క (మధ్యరేఖ వైపు) నుంచి వస్తే డైరెక్ట్: శస్త్రచికిత్స చేసేటప్పుడు ఈ ఒక్క ధమనే విషయం తేల్చేస్తుంది.

మూడవ దారి గురించి నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మొదటి రెండింటినీ వేరుచేయడానికి విద్యార్థులు పెట్టే శ్రమలో సగం కూడా దీని మీద పెట్టరు. ఇది లిగమెంట్ కింద ఉంది. తొడ సిరకు లోపలి పక్కన, సుమారు 1.25 సెంటీమీటర్ల పొడవున్న ఫెమోరల్ కాలువలో మామూలుగా కొద్దిగా కొవ్వు, ఒక లింఫ్ గ్రంథి ఉంటాయి. సిర ఉబ్బవలసి వచ్చినప్పుడు ఈ ఖాళీ దానికి చోటిస్తుంది. కాలువ నోటికి ముందు ఇంగ్వైనల్ లిగమెంట్, వెనుక ఎముకను అంటుకున్న పెక్టినియల్ లిగమెంట్, లోపలి వైపు లాక్యూనార్ లిగమెంట్ పదునైన అంచు. మెత్తగా ఉండేది బయటి వైపున్న సిర ఒక్కటే. ఇటువంటి ఇరుకులోకి దూరిన పేగు తిరిగి రావడం కష్టం, రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. ఈ హెర్నియా మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని ఆడవారి గజ్జలో వచ్చిన ప్రతి ఉబ్బూ ఇదేననుకోకూడదు, వారిలోనూ ఇంగ్వైనల్ హెర్నియాలే సంఖ్యలో ఎక్కువ.

దీనిని గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. సంచి కిందికి దిగి, తొడ మీది సఫీనస్ రంధ్రం గుండా ముందుకు వచ్చి, అక్కడ కిందికి పోవడానికి వీలు లేక పైకి మళ్లుతుంది. అప్పుడు ఉబ్బు లిగమెంట్ మీదికి వచ్చి ఇంగ్వైనల్ హెర్నియాలా కనిపిస్తుంది. కాబట్టి ఉబ్బు ఎక్కడుందని కాక, దాని మెడ ఎక్కడుందని వెతకాలి. ట్యూబర్కిల్‌కు పైన, లోపలి వైపు మెడ ఉంటే ఇంగ్వైనల్. కింద, బయటి వైపు ఉంటే ఫెమోరల్. కింది నుంచి ట్యూబర్కిల్‌ను పట్టుకోవడం ఇంతగా నేర్పించింది ఈ ఒక్క నిర్ణయం కోసమే. ఒక పెద్దావిడ రెండు రోజులుగా వాంతులని, పొట్ట ఉబ్బిందని వచ్చినప్పుడు చీర కుచ్చిళ్ల కింద గజ్జను చూడకుండా పంపేస్తే, చిక్కుడు గింజంత ఉబ్బులో చిక్కిన పేగు చచ్చిపోతుంది. ఆమె తనంతట తాను ఆ చోటు గురించి చెప్పదు, సిగ్గుపడుతుంది. మనమే అడగాలి, అనుమతి తీసుకుని, తెర వేసి, తోడుగా ఒక స్త్రీని ఉంచుకుని చూడాలి.

పరీక్షను ముందు రోగి నిలబడి ఉండగా, తరువాత పడుకోబెట్టి చేయాలి. ఉబ్బు లోపలికి వెళ్లిపోయాక, కుడి గజ్జకు కుడి చేతిని, ఎడమ గజ్జకు ఎడమ చేతిని వాడి, చూపుడువేలు లోపలి రింగు మీద, మధ్యవేలు బయటి రింగు మీద, ఉంగరపు వేలు సఫీనస్ రంధ్రం మీద ఉంచి దగ్గమనండి. ఏ వేలికి తోపు తగిలిందో చూసి ఏ దారో అంచనా వేయవచ్చు. దీనిని జీమన్ పరీక్ష అంటారు. లోపలి రింగును బొటనవేలితో నొక్కి ఉంచి దగ్గించే పరీక్ష కూడా ఉంది. ఉబ్బు రాకుండా ఆగితే ఇన్‌డైరెక్ట్, పక్కనుంచి వస్తే డైరెక్ట్ అంటారు. ఈ రెండూ తరచు తప్పుతాయి, పైగా ఆ రెండు రకాలకూ చేసే శస్త్రచికిత్స దాదాపు ఒకటే కనుక తప్పినా నష్టం తక్కువ. ఫెమోరల్‌ను పోల్చుకోకపోతే మాత్రం నష్టం ఎక్కువ. దానిలో దగ్గినప్పుడు తోపు తగలకపోవడం కూడా సాధారణమే, అందుకే అది లింఫ్ గ్రంథిలా మోసం చేస్తుంది.

ఇంతకు ముందు లోపలికి పోతూ వచ్చిన ఉబ్బు పోకుండా బిగుసుకుని, ముట్టుకుంటే నొప్పి పుట్టి, దగ్గితే కదలక, వాంతులు కూడా తోడైతే, నూనె రాసి మర్దన చేయడం, బలవంతంగా లోపలికి నెట్టడం రెండూ తగవు. ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స వసతి ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

తరువాతి పాఠంలో ఈ గోడను తిరిగి ఎలా కడతారో, ఇటలీకి చెందిన శస్త్రవైద్యుడు ఎడోవార్డో బస్సీని 1887లో ప్రచురించిన కుట్టు పద్ధతి నుంచి మొదలుపెట్టి చూద్దాము. అంతలోగా ఒక బొమ్మ గీయండి: లిగమెంట్‌ను అడ్డంగా ఒక గీతగా వేసి, దాని పైన ధమనిని, రెండు రింగులను, హెసెల్‌బాక్ త్రికోణాన్ని, దాని కింద తొడ ధమని, సిర, ఫెమోరల్ కాలువలను వరుసగా బయటి నుంచి లోపలికి గుర్తించండి. ఆ తరువాత ఈ ప్రశ్నకు జవాబు రాయండి: ఇరుక్కున్న ఫెమోరల్ హెర్నియాను విడిపించడానికి లాక్యూనార్ లిగమెంట్‌ను కోయవలసి వచ్చినప్పుడు, కొందరిలో ఆ అంచు వెనుకగా వెళ్లే అసాధారణ ఆబ్ట్యురేటర్ ధమని ఎందుకు ప్రాణాపాయం అవుతుంది?