పాత స్ప్లెండర్‌లో గరగర: టైమింగ్ చైన్ మార్చాలా, వద్దా?

పొద్దున కిక్ కొట్టగానే ఇంజన్ ఎడమవైపు నుంచి డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గరగర. మొదట్లో నాలుగైదు సెకన్లకే తగ్గేది. తర్వాత తగ్గడం మానేసింది. మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండాయన మన ఇంజన్ వైపు చూసేంత. మాది హీరో హోండా రోజుల నాటి 97.2 సీసీ స్ప్లెండర్. ఆయిల్ మార్పించకుండా 'వచ్చే నెల చూద్దాం' అంటూ లాగింది నేనే కాబట్టి తప్పు బండిది కాదు.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చండి

ఏ షెడ్డుకు పోయినా 'టైమింగ్ చైన్ పోయిందన్నా' అనే మాట రెడీగా ఉంటుంది. పిస్టన్ తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులను తెరిచే క్యామ్‌కు తిరుగుడు అందించే లోపలి గొలుసే ఈ చైన్. సరే అనేముందు ఆయిల్ చూడండి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి ఆయిల్ కొలిచే స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. ఈ ఇంజన్లో చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్‌కు లోపలి ఆయిలే ఆసరా. ఆయిల్ తక్కువైతే కొత్త చైన్ కూడా మోగుతుంది.

ఆయిల్ సరిగానే ఉంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించి వినండి. హెడ్డు (వాల్వులుండే భాగం) దగ్గర సన్నగా, లెక్క పెట్టినట్టు టిక్ టిక్ వస్తే ట్యాపెట్, అంటే వాల్వును నొక్కే భాగం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండు వాల్వులకూ 0.05 మి.మీ. గ్యాప్ పెడితే పోతుంది. కుడివైపు మోత క్లచ్ పట్టగానే మారితే క్లచ్ హౌసింగ్ మీద అనుమానం. ఎడమవైపు, బ్యారల్ (పిస్టన్ ఆడే సిలిండర్) పొడవునా గరగరలాడుతూ, రేస్ ఇచ్చి వదిలినప్పుడు ఇంకా పెరిగితే మాత్రం చైన్ వైపే చూడాలి.

చల్లగా ఉన్నప్పుడే మోగితే

అప్పుడు చైన్ కన్నా ముందు టెన్షనర్‌ను విప్పండి. ఆయిల్ దించేసి, ఇంజన్ అడుగున ఎడమవైపున్న పెద్ద బోల్టు తీస్తే స్ప్రింగు, పుష్ రాడ్ కిందికి వస్తాయి. రాడ్ తల దగ్గరి రబ్బరు రాయిలా గట్టిపడిందా, స్ప్రింగు కుంగిందా చూడండి. ఇక్కడే కొందరు స్ప్రింగు వెనక వాషర్ వేసి 'అయిపోయింది' అంటారు. మా బండికీ అలాగే వేశారు. రెండు నెలలు నిశ్శబ్దం, ఆ తర్వాత చైన్ ఆనుకుని తిరిగే రోలర్ రబ్బరు ముక్కలు ఆయిల్‌లో తేలాయి.

చైన్ మార్చక తప్పదంటే

హైదరాబాద్ పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో స్పేర్ల దుకాణంలో చైన్ ఒక్కటే అడగకండి. రోలర్లు, పుష్ రాడ్, మ్యాగ్నెట్ ప్లేట్ ఆయిల్ సీల్, గాస్కెట్లు కలిపి తీసుకోండి. క్యామ్ స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగితే అదీ మార్చాల్సిందే. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ ఎక్కువ కాలం బతకదు.

క్రాంక్ మీది చైన్ పళ్లు మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంతాల చక్రం) వెనకే ఉంటాయి కాబట్టి ఈ ఇంజన్‌ను రెండుగా చీల్చే పని లేదు. గేర్ లివర్, ఎడమ కవర్ తీసి, మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలు ఊడొచ్చు, క్రాంక్ వంగొచ్చు. తర్వాత మ్యాగ్నెట్ వెనక ప్లేట్, హెడ్డు ఎడమవైపు గుండ్రటి మూత తీయాలి. క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు విప్పేముందు కింద గుడ్డ కుక్కండి. నేను కుక్కలేదు. జారిన బోల్టు కోసం అయస్కాంతం కట్టిన తీగతో గంటసేపు గాలం వేశాను.

తీసిన చైన్‌ను, కొత్తదాన్ని ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీయండి. పాతది ఎంత సాగిందో కింద కనిపిస్తుంది. అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగుతుంది కూడా.

బిగించేటప్పుడు ప్రాణమంతా గుర్తుల్లోనే. మ్యాగ్నెట్‌ను తాత్కాలికంగా ఎక్కించి, దాని మీది 'టీ' గీతను క్రాంక్ కేస్ గుర్తుకు, క్యామ్ స్ప్రాకెట్ మీది సున్నాను హెడ్డు మీది గాటుకు కలపాలి. స్పార్క్ ప్లగ్ తీసేసి, మ్యాగ్నెట్ నట్టు మీద పానా వేసి, ఎడమవైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, అందుకే ఒక్క చుట్టుతో సరిపెట్టుకోకూడదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకండి, వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు. రెండు గుర్తులూ మళ్లీ కలిస్తేనే ముందుకు పోవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా బండి స్టార్ట్ కావచ్చు, కానీ లాగదు, వేడెక్కుతుంది. మీరేమో కార్బరేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు.

టెన్షనర్ గుంటలో కాస్త ఆయిల్ పోసి బోల్టు బిగించి, ట్యాపెట్లు మళ్లీ సెట్ చేసి, కొత్త ఆయిల్ నింపండి. మొదటి కిక్‌కు క్షణం పాటు గరగర వస్తే కంగారు వద్దు, టెన్షనర్‌లోకి ఆయిల్ ఎక్కుతోందని అర్థం. పది నిమిషాలైనా తగ్గకపోతే మళ్లీ ఆ అడుగు బోల్టు దగ్గరికే.