లాంగ్, షార్ట్: ముందు మీరు ఏ దిక్కు ఉన్నరో చూస్కోండి

లాంగ్ అంటే ముందు కొని తర్వాత అమ్ముడు, రేటు పెరిగితే లాభం. షార్ట్ అంటే ముందు అమ్మి తర్వాత కొనుడు, రేటు పడితే లాభం. మన ధర్మాబాద్ మోంఢాల, అంటే మార్కెట్ యార్డుల, తేజీ (పెరుగుడు), మందీ (పడుడు) అని ఆడేది ఇదే, పెద్ద విద్యేం కాదు.

షేర్ల సంగతి జల్దీ చెప్తా. 500 రూపాయల షేరు 100 షార్ట్ చేసిన్రు అనుకోండి, 480కి పడితే 2,000 మిగుల్తయి, ఛార్జీలు వేరే. 560కి పోతే 6,000 పాయె. పైసలు మొత్తం కట్టి కొన్న షేరు సున్నా కంటే కిందికి పోదు గదా, షార్ట్‌ల మాత్రం రేటు ఎంత మీదికి పోతే నష్టం అంత. క్యాష్ మార్కెట్ల, అంటే షేర్లు నేరుగా కొని అమ్మేకాడ, మనసొంటోళ్లు షార్ట్ చేస్తే ఆ రోజే కొని మూసేయాలె, మూడుంబావు అట్లిట్ల కాంగనే బ్రోకరే కట్ చేసేస్తడు. ఇక ఆ షేరు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు పెరగనిచ్చే ఆఖరి రేటు, కొట్టిందంటే అమ్మేటోడే దొరకడు, కొందామన్నా కొనలేరు, అప్పుడు ఎక్స్ఛేంజ్ వేలంల కొని ఆ రేటు మీ లెక్కల రాస్తది. చిన్న చిన్న షేర్లను షార్ట్ చెయ్యొద్దని నేననేది అందుకే. 2022-23ల షేర్లల్ల ఇంట్రాడే (ఆ రోజే కొని ఆ రోజే అమ్ముడు) చేసినోళ్లల్ల పదింట్ల ఏడుగురికి నష్టమే అని మార్కెట్ల మీద నిఘా పెట్టే సెబీనే 2024 జులైల చెప్పింది.

యాప్‌ల పొజిషన్స్ తెరిస్తే షార్ట్ ఉన్నకాడ క్వాంటిటీ మైనస్ 100 అని కనవడ్తది. దాన్ని మూయాలంటే బై కొట్టాలె. ఆగమాగమై సెల్ కొడితే మైనస్ 200 అయితది, కొట్టినంక ఆ అంకె సున్నా అయిందా లేదా చూస్కోండి. స్టాప్ లాస్ (నష్టం పెరగకుండ ముందే పెట్టే ఆర్డర్) గూడ ఉల్టానే, 500కి షార్ట్ చేస్తే 510 దగ్గర స్టాప్ లాస్ బై ఆర్డర్ పెట్టాలె.

ఇగ అసలు ముచ్చట పసుపు. చేన్ల పసుపు ఉన్నా, గోదాంల బస్తాలున్నా, యాప్ తెరవకముందే మీరు లాంగ్‌ల ఉన్నట్టే. అట్ల ఉండి, ఇంకా పెరుగుతదని పసుపు ఫ్యూచర్స్ (ముందు తారీఖుకు ఇప్పుడే రేటు కట్టుకునే సౌదా) గూడ కొంటున్నరు కొందరు, పడితే రెండు దిక్కుల పడ్తది మరి. రైతుకు పనికొచ్చేది షార్ట్. (సోయాబీన్‌ల గూడ ఇది చేసుకునేది, 2021 డిసెంబర్‌ల సెబీ ఆ ఫ్యూచర్స్ ఆపేసింది.)

పంటల ఫ్యూచర్స్ నడిచే ఎక్స్ఛేంజ్ ఎన్‌సీడీఈఎక్స్‌ల పసుపు ఒక లాట్ అంటే 5 టన్నులు, 50 క్వింటాళ్లు, రేటు నిజామాబాద్ సెంటర్ లెక్కన నడుస్తది. మీకు 50 క్వింటాళ్లు వచ్చేటట్టుంటే ఒక్క లాట్ అమ్మండి, రెండు కాదు. క్వింటాల్ 14,000 లెక్కన అమ్మిన్రు అనుకుందాం. పంట చేతికొచ్చేసరికి 12,500 అయితే మోంఢాల 75,000 తక్కువొస్తది, ఫ్యూచర్స్‌ల గదే 75,000 వస్తది. మన సరుకు నాణ్యం, మన మోంఢా రేటు వేరే ఉంటయి కాబట్టి పైసకు పైస సరిపోదు, కానీ దెబ్బ చాలా మటుకు ఆగుతది.

తిప్పలంతా రేటు పెరిగినప్పుడు. 16,000 అయితే ఫ్యూచర్స్‌ల లక్ష నష్టం, పంట మీద లక్ష ఎక్కువొస్తది, కాయితం మీద లెక్క సరే. కానీ పసుపు ఇంకా భూమిలనే ఉంటది, ఫ్యూచర్స్ నష్టం మాత్రం ఏ రోజుదారోజు అకౌంట్ల నుంచి కట్ అయితది, క్వింటాల్‌కు 100 పెరిగితే లాటుకు 5,000. మార్జిన్ పైసలు, అంటే సౌదాకు బ్రోకర్ దగ్గర కట్టే డిపాజిట్, చాలకపోతే బ్రోకర్ మీ షార్ట్‌ను మధ్యలనే మూసేస్తడు, గా తర్వాత రేటు పడితే రెండు దిక్కుల మునిగినట్టే. గందుకే మార్జిన్ కట్టినంక ఇంకో లక్షన్నా పక్కకు పెట్టుకోనోడు ఈ షార్ట్ జోలికి పోవద్దు, అడ్తిదారు దగ్గర అప్పు తెచ్చి మార్జిన్ కట్టుడు అసలే వద్దు.

ఎక్స్‌పైరీ, అంటే సౌదా ముగిసే తారీఖు, దాకా ఉంచితే సరుకు డెలివరీ ఇయ్యాల్సి వస్తది, దానికి ఎక్స్ఛేంజ్ నాణ్యం, గోదాం రూల్స్ ఉంటయి, ముందే బయటికి రండి. మోంఢాల పసుపు అమ్మిన రోజే షార్ట్ గూడ కొని మూసేయాలె. సగం అమ్మితే సగం మూద్దామంటే కుదరదు, లాట్ ఒక్కటే ఉంటది కాబట్టి సరుకు అంతా ఒకటే సారి అమ్మేటట్టు చూస్కోండి.