టర్బో బరువు మానిఫోల్డ్ మీద పడకుండ సపోర్ట్ ఎట్ల పెట్టాలె

మిర్యాలగూడ వడ్ల లోడ్ లారీలకు టర్బో (పొగ జోరుతోని తిరిగి ఇంజన్‌కు గాలి నూకేది), మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికొచ్చే గొట్టం) కలిసే ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) కాడ పగుళ్లొస్తే ఉత్త వెల్డింగ్ కొట్టిచ్చి వదిలెయ్యకుండ్రి, టర్బో బరువు దేని మీద వేలాడుతుందో చూడుండ్రి. కింద బ్రాకెట్ పెట్టి ఇంజన్ బ్లాక్‌కే బిగించాలె, ఛాసిస్‌కు అస్సలొద్దు, ఎందుకంటే ఇంజన్ తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతది, ఛాసిస్ దాంతోని ఊగదు, ఆ గుంజుడంతా మానిఫోల్డ్ మీదనే పడ్తది. ఇంకోటి, అడుగు పొడవు స్టీల్ 600 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్ల పైనే సాగుతది, అందుకే బ్రాకెట్‌ల బోల్టు రంధ్రం పొడుగ్గ కోపియ్యాలె లేకుంటే రెండు దిక్కుల బాల్ జాయింట్ ఉన్న రాడ్ ఎయ్యాలె. బోల్టు కలుస్తలేదని బ్రాకెట్‌ను గుంజి ఎక్కియ్యొద్దు. సైలెన్సర్ పైపుకు ఫ్లెక్స్ బెల్లో (వంగే ముడతల పైపు ముక్క) తప్పనిసరి. హీట్ ర్యాప్ (వేడి ఆపే పట్టీ) చుట్టుడు నాకైతే నచ్చదు, మానిఫోల్డ్ ఇంకా కాలుతది, రేకు షీల్డ్ చాలు. కొన్ని ట్రిప్పులైనంక ఇంజన్ పూర్తిగ సల్లారినప్పుడు బోల్టులు మల్ల చెక్ చెయ్యుండ్రి.