ఫోటోలకు, బొమ్మలకు వేగమైన స్కానర్ కావాలంటే

‘నిమిషానికి ఇన్ని పేజీలు’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన లెక్కను నేను పట్టించుకోను. అది సాధారణంగా 200 లేదా 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) వద్ద మామూలు కాగితాలు లాగినప్పటి వేగం. 300 నుంచి 600కు వెళ్లగానే చదవాల్సిన చుక్కలు నాలుగింతలవుతాయి. నేను చూసేది ఒకటే: 600 డీపీఐ రంగుల్లో మీట నొక్కినప్పటి నుంచి తర్వాతి ఫోటో పెట్టడానికి యంత్రం సిద్ధమయ్యేదాకా ఎంతసేపు పడుతుందని.

ఫోటో ప్రింట్లకు 600 చాలు. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న ఫోటో అప్పుడు 2400 × 3600 చుక్కలవుతుంది, కుదించకుండా దాస్తే సుమారు 26 మెగాబైట్లు. 1200 పెడితే వంద దాటుతుంది, ప్రింటులో లేని వివరం మాత్రం పుట్టుకురాదు. 35 మి.మీ. నెగటివ్‌ల సంగతి వేరు. ఒక్కో ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లే కాబట్టి 2400కు తగ్గకూడదు, పైనుంచి వెలుగు పడే మూత కూడా ఉండాలి. ఏ సందర్భంలోనైనా ‘ఆప్టికల్’ అని రాసిన రిజల్యూషన్నే నమ్మండి. మిగతాది సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేది.

విడి ఫోటోలు గుట్టలుగా ఉంటే, వాటిని ఒకదాని వెంట ఒకటి లాక్కునే ఫీడర్ రకానికి సాటి లేదు. కొన్ని 300 డీపీఐలో సెకనుకో ఫోటో లాగుతాయి. అయితే లోపలి గాజు మీద ఒక్క దుమ్ము రేణువు నిలిచినా, తర్వాత వచ్చే ప్రతి ఫోటో మీదా నిలువు గీత పడుతుంది. ఆల్బమ్ జిగురు అంటుకున్నవీ, మూలలు చిరిగినవీ అందులో పెట్టకండి. బొగ్గు, పాస్టెల్, మెత్తటి పెన్సిల్ బొమ్మలైతే అసలే వద్దు. బొమ్మా చెరుగుతుంది, రోలర్లూ నల్లబడతాయి.

బొమ్మలకు ఫ్లాట్‌బెడ్డే, అంటే కాగితాన్ని గాజు మీద బోర్లించి మూత వేసే రకం. ఇక్కడే ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. యూఎస్‌బీ తీగతోనే నడిచే పలచని స్కానర్లలో ఎక్కువగా సీఐఎస్ అనే సెన్సర్ (బొమ్మను చదివే భాగం) ఉంటుంది. గాజుకు ఆనుకున్నది స్ఫుటంగా వస్తుంది, కాస్త పైకి లేచినది మసకబారుతుంది. నీటిరంగులకు ముడతపడ్డ కాగితం దాని చేతిలో ఓడిపోతుంది. సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్ ఉన్న స్కానర్ మందంగా, బరువుగా ఉంటుంది కానీ ఆ ఎగుడుదిగుళ్లను తట్టుకుంటుంది. బొమ్మలు వేసేవారికి నేను సందేహం లేకుండా దాన్నే చెబుతాను, వేగం కొంచెం తగ్గినా సరే. ఏ3 బొమ్మను ఏ4 గాజు మీద రెండు ముక్కలుగా తీసి కలపాలంటే మూత ఊడివచ్చేలా, గాజు అంచులు ఎత్తుగా లేకుండా ఉండాలి.

ఫ్లాట్‌బెడ్‌లో వేగం మోటారు కన్నా సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. మూడు నాలుగు ఫోటోలు ఒకేసారి పరిస్తే వేర్వేరు ఫైళ్లుగా కత్తిరించి ఇస్తుందా? మీ కంప్యూటర్‌కు సరిపడే డ్రైవర్ (స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఉందా? ఎల్‌ఈడీ వెలుగుంటే వేడెక్కేదాకా కాచుకోనక్కర్లేదు.

బొమ్మల దగ్గర ‘ఆటో’ సవరణలన్నీ ఆపేయండి. లేత పెన్సిల్ గీతలను కాగితపు మరకలనుకుని తెల్లగా తుడిచేస్తాయి. మూలప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, పంచడానికి చిన్నదైన జేపెగ్ ఫైలు తీసుకోండి. గాజు తుడిచేటప్పుడు ద్రవాన్ని మెత్తటి గుడ్డ మీదే చల్లండి. గాజు మీద చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది, ఆ మరక తుడవాలంటే యంత్రం విప్పాల్సిందే.