రంగోద్దీపనం (నాటక రంగస్థలానికి లైట్లు అమర్చే కళ), 4వ పాఠం: నల్లని ముఖం మీద వెలుగు

గత పాఠంలో అమెరికా రంగస్థల లైటింగ్ నిపుణుడు స్టాన్లీ మెకాండ్‌లెస్ 1932లో పుస్తకంగా వెలువరించిన పద్ధతి చూశాం. నటుడికి ముందు నుంచి, కుడి ఎడమల 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు. ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. ఈసారి ఆ పద్ధతి ఎక్కడ చాలదో చూద్దాం.

లొరెయిన్ హాన్స్‌బెర్రీ రాసిన ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’ నాటకం 1959 మార్చి 11న న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలైంది. షికాగో సౌత్ సైడ్‌లో ఇరుకు వాటా, ఒకే ఒక చిన్న కిటికీ. అందులో ఉండే యంగర్ అనే నల్లజాతి కుటుంబం తెల్లజాతివాళ్ల పేటలో ఇల్లు కొనుక్కుంటుంది. రావద్దని, కావాలంటే డబ్బిస్తామని చెప్పడానికి ఆ పేట సంఘం తరఫున లిండ్నర్ అనే తెల్లాయన వస్తాడు.

ఆ దృశ్యానికి అందరి మీదా ఒకే లైటు 70 శాతం వెలుగులో పెట్టి చూడండి. లిండ్నర్ ముఖం తెల్లగా ఎగిసిపడుతుంది. ప్రేక్షకుడి చూపు ఎక్కువ వెలుగున్న చోటికే పోతుంది కాబట్టి, ఆ ఇంటి కొడుకు వాల్టర్ మౌనంగా వింటూ లోపల రగిలిపోవడం ఎవరికీ కనపడదు. ఆ ఇంట్లో వాళ్లను వెనక్కి నెట్టే పని మన లైటే చేసేసింది! నాకు ఇది సాంకేతిక లోపంగా మాత్రమే కనిపించదు.

చాలామంది వెంటనే ముందు లైటు పెంచుతారు. దాంతో నుదురు మెరుస్తుంది, వెనక గోడ ఇంకా తెల్లబడుతుంది, మధ్యలో ముఖం మునుపటికంటే నల్లగా కనిపిస్తుంది. చేయవలసింది దీనికి తిరగేసిన పని. లిండ్నర్ కూర్చునే చోట ముందు లైటును 45 శాతం దాకా దించండి. గోడ మీద పడే వెలుగును కత్తిరించండి. వాల్టర్‌కు తల ఎత్తులో పక్క నుంచి లైటు ఇవ్వండి.

పక్క లైటే ఎందుకు? ముదురు చర్మం వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది. కానీ దాని పైమెరుపు ఎక్కడికీ పోదు. గర్భగుడిలో నల్లరాతి విగ్రహం ముందు హారతి కదులుతున్నప్పుడు బుగ్గ అంచు, ముక్కు, పెదవి ఒక్కొక్కటిగా తేలి రావడం మీరు చూసే ఉంటారు. పక్క లైటు నటుడి ముఖాన్ని అలాగే చెక్కుతుంది. దవడ బిగుసుకోవడం చివరి వరుసకు కూడా అందుతుంది.

లైటు ముందు పెట్టే రంగు కాగితాల సంగతి: ఆకుపచ్చ కలిసిన లేత నీలం వద్దు, చర్మం బూడిద పట్టినట్టు అవుతుంది. లేత కాషాయం, లేత గులాబీ, లావెండర్ బాగుంటాయి. ఏదైనా సరే, అసలు నటుడిని నిలబెట్టి చూశాకే ఖాయం చేయండి. అతని స్థానంలో సహాయకుడిని నిలబెట్టి సరిపెట్టుకోవద్దు.

అభ్యాసం: చీకటి గదిలో వేర్వేరు ఛాయలున్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒకే టేబుల్ ల్యాంపును ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూపిస్తూ, ఎవరి కళ్లు ఎప్పుడు కనబడ్డాయో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ చిన్న కిటికీ దగ్గరికి వెళ్దాం.