టూరింగ్ కారు ఎడమకి తిరుగుతోంది, కుడికి తిరగట్లేదు: ఎక్కడ వెతకాలి

రిమోట్‌తో నడిపే ఆర్‌సీ రేసు కార్ల సంగతి ఇది. సమస్య ఇలా ఉంటుంది. ఎడమ మలుపులన్నీ కారు బుద్ధిగా తిరుగుతుంది. కుడి మలుపు రాగానే ముక్కు బయటికి పోతుంది, లేదంటే వెనక జారి గిర్రున తిరిగిపోతుంది. స్ట్రెయిట్‌లో థ్రాటిల్ గట్టిగా నొక్కితే ఒక పక్కకి లాగుతుంది, వదిలేస్తే ఇంకో పక్కకి. ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్‌లో స్టీరింగ్ మధ్య స్థానం) సరిచేసుకుంటే రెండు ల్యాపులు బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఇక్కడ చాలామంది వెంటనే స్ప్రింగులు మారుస్తారు. అవి కుదరకపోతే షాక్ (కుదుపులు తగ్గించే డంపర్) ఆయిల్, అదీ కాకపోతే రోల్ సెంటర్ షిమ్ములు (సస్పెన్షన్ ఎత్తు మార్చే పలుచటి వాషర్లు). చివరికి ఎవరి సెటప్ షీటో ఫోన్‌లో చూసి మక్కీకి మక్కీ దించేస్తారు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ మార్పులన్నీ రెండు పక్కలా సమానంగా చేసేవి. మీ కారులో ఉన్నదేమో కుడి ఎడమల మధ్య తేడా. రెండు పక్కలా ఒకేలా చేసే మార్పుతో ఆ తేడా ఎలా పోతుంది? మహా అయితే బాగున్న పక్క కూడా పాడవుతుంది.

నేను చెప్పేది 1/10 (నిజం కారులో పదో వంతు సైజు) ఎలక్ట్రిక్ టూరింగ్ కార్ల గురించి. 190 మిల్లీమీటర్ల వెడల్పు, కార్బన్ లేదా అల్యూమినియం చాసీ, ముందు స్పూల్ (రెండు ముందు చక్రాల్నీ ఒకే వేగంతో తిప్పే ఇరుసు), వెనక గేర్ డిఫ్ (రెండు వెనక చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉన్న రకం. షాక్ నింపడం, క్యాంబర్ (చక్రం వాలు) గేజ్ వాడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు ఇవి చూడకుండా స్క్రూ ముట్టుకోవద్దు

బాడీ తీసి లోపలివైపు చూడండి. చక్రాల గుమ్మటాల దగ్గర నల్లగా రబ్బరు గీత ఉందా? కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ టైర్ల మీద పడి, ఎడమ పక్క బాడీ కిందికి వంగుతుంది. అక్కడ అంచు తగిలితే టైరుకి బ్రేకు వేసినట్టే. కత్తెరతో రెండు మిల్లీమీటర్లు తీసేస్తే సరిపోతుంది. ఇది చూడకుండా కొత్త స్ప్రింగులు కొన్నవాళ్లు ఎంతమందో!

టైర్లు కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చి ఒక రన్ వేయండి. లోపం కూడా పక్క మారితే దోషం టైర్లదే, ఇక చదవక్కర్లేదు. గడియారం ముల్లు తిరిగే దిశలో నడిచే ట్రాక్‌లో ఎడమ టైర్లే ఎక్కువ అరుగుతాయి. ఒకే సెట్టు ఎప్పుడూ ఒకే పక్కన బిగిస్తూ పోతే ఎప్పటికైనా ఈ తేడా వస్తుంది.

చక్రం వేలితో తిప్పండి. నాలుగూ ఒకేలా తిరగాలి. నట్టు అతిగా బిగిస్తే బేరింగ్ పట్టేస్తుంది.

స్టీరింగ్ రెండు పక్కలా ఒకే కోణం తిరుగుతోందా అన్నది కంటితో చూసి చెప్పొద్దు, గేజ్ పెట్టండి. ట్రాన్స్‌మిటర్‌లో ఎడమ ఎండ్ పాయింట్, కుడి ఎండ్ పాయింట్ (స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో పెట్టుకునే హద్దులు) వేరువేరుగా ఉండేది ఇందుకే.

ఇక అందరూ వదిలేసే చెక్ ఒకటుంది. షాక్‌లు ఊడదీయండి, యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి ఆర్మ్‌లని కలిపే తీగ) లింకులు విప్పండి. ప్రతి ఆర్మ్‌నీ (చక్రాన్ని మోసే సస్పెన్షన్ చెయ్యి) పైకెత్తి వదలండి. దాని బరువుకి అదే కింద పడాలి. నెమ్మదిగా దిగినా, మధ్యలో ఆగినా హింజ్ పిన్ (ఆర్మ్ తిరిగే కడ్డీ) దగ్గరో బాల్ కప్ (లింకు చివరి కీలు) దగ్గరో పట్టేస్తోందన్నమాట. ఆర్మ్ రంధ్రాన్ని రీమర్‌తో కొద్దిగా సాఫు చేయండి. బాల్ కప్ బిగుతుగా ఉంటే బాల్ మీదే ఉంచి ప్లయర్‌తో మెల్లగా ఒకసారి నొక్కండి. క్రాష్ తర్వాత హింజ్ పిన్ కనీకనిపించకుండా వంగుతుంది. గాజు మీద దొర్లిస్తే దొరికిపోతుంది. ఆర్మ్ పట్టేసిన కారుకి ఎంత ఖరీదైన షాక్ పెట్టినా దండగే.

ఇవన్నీ బాగున్నా తేడా పోలేదా? అయితే ట్వీక్

నాలుగు చక్రాల మీదా పడే బరువులో ఐమూలగా తేడా ఉండటాన్నే ట్రాక్ మీద ట్వీక్ అంటారు. ఒక కోడు పొట్టిదైన మంచం ఎలా కుంటుతుందో ఇదీ అంతే. ఉదాహరణకి ముందు కుడి, వెనక ఎడమ తేలికవుతాయి. ముందు ఎడమ, వెనక కుడి బరువెక్కుతాయి. 1.3 కిలోల పైచిలుకు బరువుండే కారులో ఈ తేడా కంటికి కనపడదు. మలుపులో మాత్రం బయటపడుతుంది.

కుడి పక్క బరువు, ఎడమ పక్క బరువు సమానంగా లేకపోవడం వేరే సంగతి. బ్యాటరీ ఒక పక్క, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె) ఇంకో పక్క ఉంటాయి కాబట్టి అది చిన్న బరువు ముక్కలు అంటించి సరిచేసుకునేది. స్ప్రింగ్ కాలర్ (షాక్ మీద స్ప్రింగ్‌ని బిగించే మరచుట్టు) తిప్పి దాన్ని సరిచేయలేరు. ఈ రెండూ కలిపేసుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లు ప్రతి రేసులోనూ కనిపిస్తారు.

ట్వీక్ చూడటానికి సెటప్ బోర్డు (ఖచ్చితంగా చదునైన పలక) ఉంటే మంచిది, మందపాటి గాజు పలకైనా చాలు. పిట్ టేబుల్ ప్లైవుడ్ మీద మాత్రం వద్దు. బ్యాటరీతో సహా కారుని బోర్డు మీద పెట్టి, రెండుసార్లు కిందికి నొక్కి వదలండి. హాబీ కత్తి మొన చాసీ ముందు అంచుకి సరిగ్గా మధ్యన పెట్టి మెల్లగా ఎత్తండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేవాలి. కుడిది మొదట లేస్తే ముందు కుడి, వెనక ఎడమ ఐమూల తేలికగా ఉందని అర్థం. వెనక వైపు కూడా ఇలాగే చూడండి.

ఇది తెలిసిన వెంటనే అందరి చెయ్యీ స్ప్రింగ్ కాలర్ మీదికి పోతుంది. తేలికైన ఐమూలకి పావు చుట్టు బిగించి, బరువైన ఐమూలకి పావు చుట్టు వదిలితే కత్తి పరీక్షలో చక్రాలు సమానంగా లేస్తాయి. నిజమే. కానీ చాసీయే మెలి తిరిగి ఉంటే మీరు చేసింది దాన్ని కప్పిపుచ్చడమే. కాలర్లు తలో ఎత్తులో ఉన్న కారు బోర్డు మీద సమంగా నిలబడుతుంది కానీ, ట్రాక్ మీద మలుపులో పక్కకి ఒరగగానే మళ్లీ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. కాలర్ చివరి పని. అప్పుడు కూడా ఎడమ కుడి కాలర్ల మధ్య ఒక చుట్టు కంటే ఎక్కువ తేడా వస్తోందంటే ఆపేసి వెనక్కి వెళ్లండి, అసలు కారణం ఇంకా దొరకలేదు.

చాసీ మెలి తీయడం ఇలా. కాలర్లన్నీ జతకి జత సమానం చేయండి. రోల్ బార్లు విప్పే ఉంచండి. టాప్ డెక్ (చాసీ పైన ఉండే రెండో పలక) స్క్రూలు, బల్క్‌హెడ్ (ముందూ వెనకా గేర్లని పట్టే దిమ్మలు) స్క్రూలు, మోటారు మౌంట్ స్క్రూలు అరచుట్టు వదులు చేయండి. చాసీ బోర్డుకి పూర్తిగా ఆనేలా అరచేత్తో నొక్కి పట్టుకుని, మొదట కింది స్క్రూలు, తర్వాత పైవి, ఐమూలగా కొంచెం కొంచెంగా బిగించండి. ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి పోతే మెలి మళ్లీ మీరే పెట్టినట్టు.

స్క్రూ పొడవు కూడా చూడండి. అప్‌గ్రేడ్ పేరుతో టైటానియం స్క్రూల సెట్టు కొని, 6 మిల్లీమీటర్లది ఉండాల్సిన చోట 8 మిల్లీమీటర్లది దిగ్గొడతారు. అది రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, బల్క్‌హెడ్ మాత్రం చాసీకి ఆనదు.

బ్యాటరీ: అసలు దొంగ

ఇంత చేశాక బోర్డు మీద కారు సమంగా నిలబడింది. ట్రాక్ మీద మొదటి రెండు నిమిషాలూ బాగుంది. ఐదు నిమిషాల హీట్‌లో (రేసు రౌండులో) మూడో నిమిషం దాటాక కుడి మలుపుల్లో మళ్లీ అదే పాట. అడిగితే టైర్లు వేడెక్కాయంటారు, అడిటివ్ (పట్టు కోసం టైర్లకి పూసే ద్రవం) పోయిందంటారు, మోటారు కాగిందంటారు. టైర్ల తప్పయితే కుడి ఎడమ టైర్లు మార్చినప్పుడు లోపం కూడా పక్క మారి ఉండేది కదా?

ఒక కుర్రాడు ఇలాగే కారు పట్టుకుని వచ్చాడు. "అన్నా, అల్యూమినియం చాసీ కూడా వేయించాను, అయినా పోలేదు" అన్నాడు. కత్తి పెట్టి చూస్తే చక్రాలు చక్కగా సమానంగా లేచాయి. "రన్ వేసి తీసుకురా, బాడీ తప్ప ఏమీ విప్పకు" అన్నాను. హీట్ అవగానే వేడి వేడిగా బోర్డు మీద పెట్టి ఎత్తితే కుడి ముందు చక్రం ఎడమదానికంటే బాగా ముందు లేచింది. బ్యాటరీ పట్టీ స్క్రూ ఒక చుట్టు వదిలాం. మళ్లీ ఎత్తితే రెండూ ఒకేసారి లేచాయి. వాడు పట్టీ వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. కొత్త చాసీ ఖరీదు గుర్తొచ్చినట్టుంది.

జరిగేది ఇది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ డిశ్చార్జ్ అవుతూ వేడెక్కేకొద్దీ లోపలి సెల్స్ కొద్దిగా ఉబ్బుతాయి. హార్డ్ కేస్ అడుగు మధ్యలో వెంట్రుకవాసి పొంగినా చాలు. పట్టీ బిగుతుగా ఉంటే ఆ ఒత్తిడి పోవడానికి చోటు లేక, సన్నటి చాసీ పలకని ఒక మూల నుంచి తోస్తుంది. బ్యాటరీ ఒక పక్కనే ఉంటుంది కాబట్టి తోపు కూడా ఒక పక్కనే. పిట్‌లో చల్లారాక చూస్తే అంతా మామూలే. అందుకే ఇది బోర్డు మీద దొరకదు. బ్యాటరీ తీసేసి ట్వీక్ చూసే అలవాటున్నవాళ్లకి అసలే దొరకదు.

ఈ తరం కార్లలో బ్యాటరీ హోల్డర్లు చాసీని పట్టేయకుండా తేలుతూ ఉండేలా చేస్తారు. చాసీ దాని పాటికి అది వంగాలన్నది వాళ్ల ఉద్దేశం. మనమేమో బ్యాటరీ కదులుతుందన్న భయంతో దాన్ని బిగించి పారేస్తాం.

సరిచేయడం తేలిక. పట్టీకీ బ్యాటరీకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత, అంటే దాదాపు అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ముందూ వెనకా ఉన్న స్టాపర్ల దగ్గర కూడా బ్యాటరీ ఇరుక్కుని కూర్చోకూడదు. టేప్ వాడేవాళ్లు కారుని చేతిలో పట్టుకుని లాగి అంటించొద్దు. చాసీని బోర్డుకి ఆనించి, టేప్‌ని లాగకుండా వేయండి. బ్యాటరీ చాసీ మీద ఆనే చోట పాత టేప్ ముక్కలు, ఎండిన జిగురు ఉంటే గీకేయండి. ఆ తర్వాత మూడుసార్లు కత్తి పరీక్ష చేయండి: బ్యాటరీ పెట్టి పట్టీ లేకుండా ఒకసారి, పట్టీ బిగించి ఒకసారి, రన్ నుంచి రాగానే వేడి మీద ఒకసారి. మూడింట్లో ఏ ఒక్కటి మిగతావాటితో కలవకపోయినా దొంగ ఇక్కడే ఉన్నాడు.

కేస్ కంటికి కనపడేలా ఉబ్బిన బ్యాటరీని మాత్రం పట్టీ వదులు చేసి నడపొద్దు. పక్కన పెట్టేయండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

ఇదే తరహాలో ఇంకో రెండు. మందపాటి మోటారు వైర్లు బిగుతుగా లాగి ఉంటే, అవి ఈఎస్‌సీకీ మోటారుకీ మధ్య కడ్డీలా పనిచేస్తాయి. కాస్త వంపు వదిలి సోల్డర్ చేయండి. తేలుతూ ఉండాల్సిన సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) చాసీకో టాప్ డెక్‌కో తగులుతోందేమో చూడండి. కింద సన్నటి కాగితం దూరాలి.

రోల్ బార్లు అన్నిటికంటే చివర్లో బిగించండి. చాసీ కింద దిమ్మ పెట్టి, కుడి ఆర్మ్ మెల్లగా ఎత్తుతూ ఎడమది ఎక్కడ కదలడం మొదలవుతుందో చూడండి. తర్వాత ఎడమది ఎత్తి చూడండి. రెండూ ఒకే ఎత్తులో మొదలవ్వాలి. తేడా ఉంటే ఒక పక్క లింక్ పొడవు మార్చండి. బార్ బిగించాక ట్వీక్ మారిందంటే ఆ లింకే కారణం, మళ్లీ కాలర్ల జోలికి పోకండి.

మిగతావి పైపైన

పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రాలు టకటకా కొట్టుకోవడం: ముందు స్పూల్ ఉన్న కారుకి పాత సింగిల్ జాయింట్ డ్రైవ్ షాఫ్టులుంటే ఇంతే. డబుల్ జాయింట్ షాఫ్టులు వేయండి. డబ్బు పెట్టాల్సిన అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో ఇదే. ఉన్నవి డబుల్ జాయింట్లే అయితే స్పూల్ కప్పుల్లో ప్లాస్టిక్ బ్లేడ్లు అరిగుంటాయి, మార్చండి.

వెనక పట్టు వారం వారం తగ్గుతూ పోవడం: డిఫ్‌లో ఆయిల్ కారిపోయి ఉండొచ్చు. విప్పి, ఓ-రింగులు మార్చి, ఆయిల్ తూకం వేసి నింపండి.

కార్పెట్ మీద కారు బోర్లా పడటం: పట్టు మరీ ఎక్కువైంది. ముందు టైర్ల పక్క గోడకి సన్నగా సూపర్ గ్లూ పూయండి, ముందు అడిటివ్ వెడల్పు తగ్గించండి, రూల్స్ ఒప్పుకున్నంత వరకు రైడ్ హైట్ (నేల నుంచి చాసీ ఎత్తు) దించండి.

బయల్దేరేటప్పుడు మోటారు తడబడటం: సెన్సార్ వైర్ (మోటారు ఏ స్థానంలో ఉందో ఈఎస్‌సీకి చెప్పే తీగ). మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

అల్యూమినియం చాసీ గురించి ఒక మాట. కార్పెట్ మీద దానికి లాభాలున్నాయి, బరువు కిందికి దిగుతుంది. కానీ గట్టిగా గుద్దితే కార్బన్ తన ఆకారానికి తిరిగి వస్తుంది లేదా పగిలి కనిపిస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, పైకి తెలియదు. పెద్ద క్రాష్ తర్వాత దాన్ని ఒట్టి పలకగా విప్పి గాజు మీద పెట్టి, మూలలు ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. టక్కుమని ఊగితే మార్చాల్సిందే.

రిసీవర్ గ్లిచ్, సర్వో గేర్ పన్ను విరగడం, బల్క్‌హెడ్ పగులు లాంటివి కూడా ఉంటాయి, కానీ చాలా అరుదు. పైవన్నీ అయ్యాకే అటు వెళ్లండి.