గొంగడి మడత, చిటికి అంచు: కథలకు బొమ్మలు వేసేవారికి

కథ చేతికొచ్చాక ఫోన్ తెరిచి బొమ్మలు వెతికితే పాలమూరు కథలోకి ఎక్కడిదో పెంకుటిల్లు, ఎవరిదో చీరకట్టు వచ్చి చేరతాయి. ఊళ్లో చదివేవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. ఇలస్ట్రేటర్‌కు అసలు పెట్టుబడి స్కెచ్ పుస్తకమే. కథ రాకముందు నుంచే అది నిండుతూ ఉండాలి.

ఏ5 సైజు పుస్తకం, 2బి పెన్సిల్, 0.3 మి.మీ. పెన్ను చాలు. వారానికి ఒక పొద్దు అంగడికో బస్టాండుకో వెళ్లండి. మొదటి పది బొమ్మలకు తలా రెండు నిమిషాలు, చివరి ఒక్కదానికి ఇరవై. మనుషులు కదిలిపోతారు కాబట్టి మొహంతో మొదలుపెట్టొద్దు. బరువు ఎక్కడుందో ముందు గీయండి. నెత్తిన గంప ఉంటే మెడ నిటారుగా ఉంటుంది, చంకన బిడ్డ ఉంటే ఆ వైపు నడుము పక్కకు తోసుకొస్తుంది. ఈ ఒక్క గీత సరిగ్గా పడితే మిగతాది ఇంటికొచ్చి పూర్తి చేసుకోవచ్చు. పక్కన ఊరు, టైము, వెలుగు ఏ వైపు నుంచి పడిందో రాసుకోండి. అది రాయని స్కెచ్ ఆరు నెలల తర్వాత అక్కరకు రాదు. దగ్గరగా కూర్చుని గీసేటప్పుడు వాళ్లను ఒక మాట అడగడం మర్యాద.

ఎక్కువ తప్పులు దొర్లేది బట్టల దగ్గర. గొంగడిని తువ్వాలులా గీసేస్తుంటారు. అది గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన బట్ట, బిరుసుగా నిలుస్తుంది. నెత్తి మీద కప్పుకుంటే మూడు నాలుగు పెద్ద మడతలే పడతాయి. బయటి గీతను ఒక్క ఊపులో లాగకుండా పొట్టి పొట్టి గీతలుగా తెంపితే ఉన్ని నూగు కనబడుతుంది. సన్నటి మడతలు పది వేశారంటే అది నూలు బట్ట అయిపోయినట్టే.

పోచంపల్లి చీరకు చిక్కు వేరు. చిటికి పనిలో నూలును ముందే ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. దారాలు వెంట్రుకవాసి జరుగుతాయి కాబట్టి పువ్వు అంచు పళ్లు పళ్లుగా చెదిరి ఉంటుంది. స్కేలు పెట్టి గీసినట్టు అంచు తీస్తే అచ్చు వేసిన చీరలా కనిపిస్తుంది. ముందు పువ్వును పెన్సిల్‌తో లేతగా పెట్టుకుని, అంచు దగ్గర దారం పోయే దిక్కునే ఒక మిల్లీమీటరు గీతలు దగ్గర దగ్గరగా వేయండి. చీర మడత పడ్డచోట పువ్వు కూడా తెగాలి. మడత మీదుగా పువ్వు చెక్కుచెదరకుండా పోయిందా, చీర చదునైన కాగితంలా మారిపోతుంది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒడలుకు చిన్న మడతలు, అంచుకు బరువైన గుండ్రటి మడతలు వేసి, అంచు మీద సన్నటి తెల్ల పట్టీ వదిలితే మెరుపు దానంతటదే వస్తుంది.

నీడల సాధనకు నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్ని మించిన చోటు లేదు. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను చూడటానికే జనం వస్తారు. బొమ్మలు వేసేవాళ్లు చూడాల్సింది ఆ నీడ అంచును. ఎండ నేరుగా పడక, చెదిరిన వెలుగు లోపలికి వస్తుంది కాబట్టి అంచు మెత్తగా ఉంటుంది. బయట ఆవరణలో ఎండకు పడ్డ నీడ అంచు కత్తితో కోసినట్టుంటుంది. రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కన వేయండి. ఇంట్లో జరిగే సన్నివేశానికి మొదటిది, పొలంలో జరిగేదానికి రెండోది పనికొస్తాయి.

ఇక బల్ల దగ్గరికి. పత్రికలో 12 × 16 సెం.మీ. రావాల్సిన బొమ్మను 18 × 24లో వేయండి. తగ్గించినప్పుడు 0.3 గీత 0.2 అవుతుంది, నిలబడుతుంది. 0.1 గీతలు న్యూస్‌ప్రింట్ మీద తెగిపోతాయి. అడ్డదిడ్డంగా అల్లిన గీతల మధ్య ఒక మిల్లీమీటరైనా ఖాళీ ఉంచండి. లేకుంటే సిరా పాకి నల్ల మచ్చ అవుతుంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నున్నటిది తీసుకోండి. గరుకు కాగితం మీద నిబ్ చిక్కుకుంటుంది. గీతకు వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకే వాడాలి, కానీ ఫౌంటెన్ పెన్నులో పోయకూడదు, లోపల గట్టిపడి పెన్ను పాడవుతుంది.

వాష్‌కు, అంటే నీళ్లు కలిపిన సిరాతో బ్రష్‌తో వేసే పూతకు, మూడు గిన్నెలు పెట్టుకోండి. చుక్క సిరాకు ఇరవై చుక్కల నీళ్లు లేతకు, ఎనిమిది నడిమికి, మూడు ముదురుకు. అదే కాగితం ముక్క మీద వేసి, ఆరనిచ్చి చూడాలి. ఆరాక రంగు లేతబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వాష్ సగంలోనే ఆరి అంచున గట్టి గీత పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపే వేయండి, ఫ్యాను ఆపేయండి, ముందు మంచినీళ్లతో కాగితాన్ని తడిపి, పైన మెరుపు పోయాక బ్రష్ పెట్టండి. చెయ్యి కింద ఒక కాగితం ఉంచుకోండి. చెమట జిడ్డు అంటిన చోట వాష్ పట్టదు.

ఇక స్కాన్. ఒట్టి గీతల బొమ్మయితే 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), వాష్ ఉంటే గ్రేస్కేల్‌లో 300 చాలు. పంపే ముందు అచ్చులో వచ్చే సైజులోనే మామూలు కాగితం మీద ప్రింటు తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. నల్లగా మూసుకుపోయిన చోటు కనబడితే అక్కడ తెల్ల పోస్టర్ కలర్‌తో గీతల మధ్య సందులు తెరిచి, మళ్లీ స్కాన్ చేయండి.